అనిమోన్ కుదురుకునేదాకా

మా ఉప్పునీళ్ళ ట్యాంకులో రెండు క్లౌన్ ఫిష్‌లు వదిలినప్పటి నుంచీ మా అబ్బాయిది ఒకటే ప్రశ్న: "అమ్మా, వీటి ఇల్లేదీ?" వాడు చూసిన ప్రతి బొమ్మలోనూ ఆ నారింజరంగు చేపలు సీ అనిమోన్ అనే, రాయికి అంటుకుని బతికే పువ్వులాంటి సముద్రజీవి స్పర్శకాల (దాని చుట్టూ ఉండే కుట్టే వేళ్ళ) మధ్యే ఉంటాయి. మా ట్యాంకులో మాత్రం ఓ మూల పంపు పక్కన పడుకునేవి. వాడి ప్రశ్న న్యాయమైనదే. అయినా దాదాపు ఏడాదిదాకా నేను అనిమోన్ జోలికి పోలేదు. ఆ ఏడాదే అనిమోన్‌ని తెచ్చి కుదిర్చే ఈ పని మొత్తంలో ముఖ్యమైన భాగమని నా నమ్మకం, అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కొత్త ట్యాంకులో నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాని ఒకరకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఆ నైట్రైటుని ఇంకోరకం నైట్రేటుగా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా రాళ్ళమీదా ఇసుకలోనూ స్థిరపడ్డానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది అంతటితో ట్యాంకు సిద్ధమైందనుకుంటారు. చేపలవరకూ అది నిజమే. ఆ తర్వాత కూడా నెలల తరబడి క్షారత, అంటే నీళ్ళు ఆమ్లాన్ని అడ్డుకునే గుణం, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఒక నాచు పోయి ఇంకో నాచు వస్తుంది. చేపకి మొప్పలున్నాయి, మూత్రపిండాలున్నాయి, చుట్టూ నీరు కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. అనిమోన్‌కి అవేవీ లేవు. రెండు పొరల ఒళ్ళు, మధ్యలో జిగురుపదార్థం, లోపలంతా బయటున్న నీళ్ళే. బయట నీళ్ళలో ఏ తేడా వచ్చినా ఆ తేడా దాని ఒంట్లోకే వచ్చినట్టు.

మేముండేది డాలస్ శివారులో. ఇక్కడ కొళాయి నీళ్ళలో క్లోరమీన్ అనే క్రిమిసంహారిణి కలుపుతారు. మనుషులు తాగడానికి ఇబ్బంది లేదుగానీ ట్యాంకులో పోయడానికి పనికిరావు. అందుకని ఆర్‌ఓ యూనిట్‌కి కార్బన్ ఫిల్టర్లు, చివర మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ పెట్టించాం. నీళ్ళలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తేనే ఆ నీళ్ళలో ఉప్పు కలుపుతాను. లవణీయత వెయ్యికి 35, అంటే ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.026. ఉష్ణోగ్రత 25 నుంచి 26 డిగ్రీలు. క్షారత 8 నుంచి 9 డీకేహెచ్ (క్షారతకి వాడే కొలత). నైట్రేటు 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) దగ్గర. నైట్రేటు పూర్తిగా సున్నా ఉంటే గొప్ప అనుకునేవాళ్ళున్నారు, అది సరికాదు. అనిమోన్ ఒంట్లో కాపురముండే నాచుకి ఆ కాస్త పోషకం కావాలి.

ఈ అంకెల్లో ఏ ఒక్కటీ దానంతటది పవిత్రమైనది కాదు. క్షారత 8 ఉన్నా 9 ఉన్నా అనిమోన్ బతుకుతుంది. సోమవారం 8, గురువారం 10, ఆదివారం 7.5 అయితే బతకడం కష్టం. ఇక్కడ వేసవిలో ఏసీ పగలూ రాత్రీ నడుస్తుంది, గాలి పొడిబారి ట్యాంకులో నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు, కనక లవణీయత పెరుగుతూ పోతుంది. నీటిమట్టం కాస్త తగ్గగానే ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్ళు తనే పోసుకునే ఆటో టాప్-ఆఫ్ అమర్చాకే నా నోటుపుస్తకంలో అంకెలు ఒకదాని కింద ఒకటి ఒకేలా రావడం మొదలైంది. అలా వారాల తరబడి వచ్చాకే అనిమోన్ మాట ఎత్తాను.

ఇంకో జాగ్రత్త రాగి గురించి. చేపల జబ్బులకి వాడే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. అది అనిమోన్‌లకీ రొయ్యలకీ విషం. రాళ్ళలో ఇంకిపోయి చాన్నాళ్ళు నీళ్ళలోకి వస్తూనే ఉంటుంది. మా ట్యాంకులో ఎప్పుడూ రాగి వాడలేదు. సెకండ్‌హ్యాండ్ ట్యాంకు కొనేవాళ్ళు మాత్రం ఈ మాట తప్పకుండా అడిగి తెలుసుకోవాలి.

ఇక ఏ అనిమోన్? ప్రపంచంలో వెయ్యికి పైగా జాతులున్నా క్లౌన్ ఫిష్‌లకి ఆశ్రయమిచ్చేవి పదే. అందులో మ్యాగ్నిఫికా అందం చూస్తే కళ్ళు తిప్పుకోలేం, కానీ అది ట్యాంకులో ఓ పట్టాన ఒకచోట ఉండదు. కార్పెట్ అనిమోన్‌లు పెద్దగా పెరుగుతాయి, చిన్న చేపలు దగ్గరికెళ్తే పట్టి తినేస్తాయి. నేను ఎంచుకున్నది బబుల్-టిప్ అనిమోన్. ఎర్రసముద్రం నుంచి సమోవా దీవులదాకా పగడపు దిబ్బల్లో ఉండే జాతి ఇది. స్పర్శకాల చివర బుడగల్లా ఉబ్బుతాయి, ఒక్కోసారి అదే జీవి బుడగలు మాని పొడుగాటి వేళ్ళలా సాగుతుంది. బుడగలు వెలుతురు వల్లా, చేపల వల్లా అని ట్యాంకులు పెట్టేవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారు.

దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం వేరే. ఇది ట్యాంకుల్లోనే రెండుగా చీలి రెండు జీవులవుతుంది. అంటే సముద్రం నుంచి తియ్యకుండానే దొరుకుతుంది. అనిమోన్‌లది నాలుగైదేళ్ళ ఆయుష్షు కాదు. స్కాట్లండ్ తీరంలో 1828లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త సేకరించిన ఓ అనిమోన్ గాజుజాడీలో, ఆయన పోయాక కూడా చేతులు మారుతూ, 1887దాకా బతికింది. జనం దాన్ని 'గ్రానీ' అని పిలిచేవాళ్ళు. అంతకాలం బతకగల ప్రాణిని దిబ్బ మీంచి ఊడబెరికి తెచ్చి మన హాల్లో నెలరోజుల్లో చంపుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. దుకాణాల్లో నిమ్మపండు రంగులో, ముదురు గులాబీ రంగులో కనిపించేవి కొన్ని రంగు ఎక్కించినవి. తెల్లగా పాలిపోయినవి ఒంట్లోని నాచు పోగొట్టుకున్నవి. అందంగా ఉన్నాయని అటువంటివి కొనకండి.

మా ఊరి అక్వేరియం క్లబ్బులో ఓ రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గర గులాబీరంగు బబుల్-టిప్‌లు ఒకదాన్నుంచి ఒకటి చీలి రాయంతా కమ్మేశాయి. ఆయన ముందు నా నోటుపుస్తకం తిరగేసి చూశారు, ఆ తర్వాతే ఇస్తానన్నారు. ఆ పద్ధతి నాకెంతో నచ్చింది. ఏది తీసుకోవాలో కూడా ఆయనే చూపించారు. నోరు బిగించి ఉండాలి, లోపలి పొర బయటికి వేలాడకూడదు. తిండి తగిలితే స్పర్శకాలు అంటుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పాదం, అంటే రాయిని పట్టుకునే అడుగుభాగం, చెక్కుచెదరకుండా ఉండాలి. పాదం చిరిగిన అనిమోన్ చాలావరకు కోలుకోదు. అందుకే ఆయన దాన్ని గోకి తియ్యలేదు. అరచేతి మందాన ఉన్న చిన్న రాయి మీద కూర్చున్నదాన్ని ఎంచి, రాయితో సహా ఇచ్చారు.

థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాం. టెక్సాస్ ఎండలో కారులో పది నిమిషాలు వదిలేసినా సంచిలో నీళ్ళు కాగిపోతాయి కాబట్టి దారిలో ఎక్కడా ఆగలేదు. గదిలో లైట్లు తగ్గించి, సంచి మూతి తెరవకుండా ఓ ఇరవై నిమిషాలు ట్యాంకు నీళ్ళమీద తేలనిచ్చాను, వేడి సమం కావడానికి. తర్వాత దాన్ని ఓ గిన్నెలోకి మార్చి, ఎయిర్ పంపుకి వాడే సన్నటి గొట్టానికి ముడివేసి, ట్యాంకు నీళ్ళు సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున గిన్నెలోకి పడేలా పెట్టాను. గంట దాటేసరికి గిన్నెలో నీళ్ళు మూడింతలయ్యాయి, లవణీయత కలిసింది. దూరం నుంచి కొరియర్‌లో వచ్చినవాటికి ఇంతసేపు పనికిరాదని పెద్దాయన హెచ్చరించారు. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గి ఉంటుంది, తెరిచాక అది పెరిగేకొద్దీ సంచిలో ఉన్న అమ్మోనియా విషపూరితమవుతుంది. అందుకని వాటిని త్వరగా మార్చెయ్యాలి. మాది గంట ప్రయాణమే కనక నిదానంగా చేశాను. గిన్నెలో నీళ్ళు సింకులో పారబోసి, అనిమోన్‌ని మాత్రమే ట్యాంకులో దించాను. చేతులకి నైట్రైల్ తొడుగులు వేసుకున్నాను. దాని దంశకణాలు (కుట్టే కణాలు) మన అరచేతిని పెద్దగా ఏమీ చెయ్యవుగానీ, మన చేతి సబ్బు, క్రీము దానికి చేటు.

దించే ముందే మూడు పనులు చేసి ఉంచాను. ప్రవాహం పుట్టించే పవర్‌హెడ్‌లకి స్పాంజి తొడుగులు, నీళ్ళు పొర్లి బయటికి పోయే ఓవర్‌ఫ్లో పళ్ళకి జాలీ కట్టాను. తిరిగే పంపులోకి అనిమోన్ వెళ్తే ముక్కలవుతుంది, ఆ ముక్కల నుంచి వచ్చే విషంతో ట్యాంకులో మిగతా ప్రాణులూ పోవచ్చు. ఇన్ని జాగ్రత్తల్లో ఏ ఒక్కటైనా వదిలెయ్యొచ్చేమోగానీ దీన్ని మాత్రం వదలకూడదు. రెండోది వెలుతురు. క్లబ్బు వాళ్ళ దగ్గర వెలుతురు తీవ్రత కొలిచే పార్ మీటరు అరువు తెచ్చి కొలిస్తే మా లైటు రాయి పైభాగంలో 200 పైన చూపించింది. పెద్దాయన ట్యాంకులో అంత లేదు. అందుకని లైటు బాగా తగ్గించి, వారం వారం కొంచెం పెంచుతూ పోయేట్టు పెట్టాను. మూడోది చేపలు. కొత్తగా వచ్చిన అనిమోన్ మీద క్లౌన్ ఫిష్‌లు ఆత్రంగా పడి రుద్దేస్తే అది విచ్చుకోలేకపోతుంది. వాటిని రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్టలో ఓ పక్కకి మార్చాను.

రాతిగుట్ట మధ్యలో ఓ బొరియ ఉంది. బబుల్-టిప్‌కి పాదం చీకట్లో, చీలికలో దాక్కోవాలి, స్పర్శకాలు మాత్రం వెలుతుర్లోకి రావాలి. ఆ బొరియ పక్కనే దాని రాయిని ఆనించి, ప్రవాహం దాదాపు ఆపేసి, పక్కకి జరిగాను.

సాయంత్రానికి విచ్చుకుంది. పదింటికల్లా ముడుచుకుపోయి, నిమ్మకాయంత ముద్దయింది. విశాఖలో ఉన్న మా అమ్మకి అది పొద్దున్నవేళ. వీడియో కాల్‌లో చూసి, "అదేటే అలా అయిపోయింది? బతికే ఉందా?" అని కంగారుపడింది. అలా కుంచించుకుపోవడం అనిమోన్‌కి మామూలే. ఒంట్లో పాత నీళ్ళు బయటికి వదిలి కొత్త నీళ్ళు నింపుకుంటుంది. తినడానికీ విసర్జించడానికీ దానికున్నది ఒకటే దారి, అందుకని ముడుచుకున్నప్పుడు నోట్లోంచి గోధుమరంగు తీగల్లాంటివి వస్తాయి. అది వ్యర్థమూ, అదనంగా ఉన్న నాచూ. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. నోరు గంటల తరబడి తెరుచుకునే ఉండడం, లోపలి పొర బయటికి తిరగబడడం, ఒళ్ళు కరిగి పొరలుగా రాలడం, అన్నిటికీ మించి కుళ్ళు కంపు. చచ్చిన అనిమోన్ వాసన ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుందట. అప్పుడు క్షణం ఆలస్యం లేకుండా తీసెయ్యాలి. ఆ రాత్రి ఎర్ర టార్చి వేసి చూశాను. పాదం రాయికి గట్టిగా అంటుకునే ఉంది, నోరు మూసుకునే ఉంది. పడుకున్నాను.

మర్నాటికి అది రాయి మీద లేదు.

నేను చూపించిన బొరియలోకి వెళ్ళలేదు. రాతిగుట్ట ముందువైపు పైకి ఎక్కి, సరిగ్గా కుడిచేతి పవర్‌హెడ్ కింద ఆగింది. అనిమోన్ నడక కంటికి కనిపించదు. పాదాన్ని ఓ అంచున వదిలి, ఇంకో అంచున పట్టుకుంటూ జరుగుతుంది. గంటసేపు చూసినా కదిలినట్టుండదు, ఓసారి బయటికెళ్ళొస్తే జానెడు దూరంలో ఉంటుంది. మా ఆయన దాన్ని తీసి మళ్ళీ బొరియ దగ్గర పెడదామన్నారు. పట్టుకున్న పాదాన్ని లాగితే చిరుగుతుందని నేను ఒప్పుకోలేదు. పవర్‌హెడ్‌కి తొడుగు ఉంది, దాని వేగం ఇంకా తగ్గించాను. ప్రవాహం, వెలుతురు, చాటు, ఈ మూడూ తనకు సరిపడే చోటు దొరికేదాకా అది తిరుగుతుంది. మనం మధ్యలో కలగజేసుకున్నకొద్దీ ఆ తిరుగుడు మళ్ళీ మొదటికొస్తుంది. మరీ తప్పనిసరైతే పాదం అంచుకి సన్నటి నీటిధార తగిలేలా పెడితే అదే వదులుతుందని పెద్దాయన చెప్పారు. ఆ అవసరం రాలేదు.

అది కదలకుండా ఆపలేను కాబట్టి, దాని దారిలో ఉన్నవాటిని తప్పించాను. హ్యామర్ కోరల్ అనే పగడం ఒకటి దగ్గర్లో ఉంది. రెండూ కుట్టే జాతులే, తగిలితే కోరల్ కాలిపోయినట్టవుతుంది. కోరల్‌ని ఎడమచేతి మూలకి మార్చాను. సంప్‌లో (ట్యాంకు నీళ్ళు శుభ్రమయ్యే కింది తొట్టిలో) విషాల్ని పీల్చే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేశాను. నీళ్ళు పరీక్షించాను, ఏ అంకే మారలేదు. నీళ్ళు బాగున్నాయని తెలిస్తే ఓపిక పట్టడం సులువు. తెలియకపోతే చెయ్యి ట్యాంకులోకే పోతుంది.

ఆ తర్వాత అది గుట్ట వెనక్కి వెళ్ళి మాయమైంది. మా అబ్బాయి రోజూ బళ్ళోంచి రాగానే బ్యాగు కూడా దించకుండా గోడకీ ట్యాంకుకీ మధ్య సందులోంచి టార్చి వేసి వెతికేవాడు. ఓ స్పర్శకం కొన కనిపిస్తే చాలు, కేకపెట్టేవాడు. ఈ రోజులు కష్టంగా గడిచాయి. వెనక వెలుతురు తక్కువ, అక్కడే ఉండిపోతే ఒంట్లో నాచు తగ్గిపోతుందేమోనని దిగులుగా ఉండేది. లైటు పెంచాలా అని అడిగితే పెద్దాయన వద్దన్నారు. వెలుతురు ఎక్కువైతే దాక్కోవడం ఎక్కువవుతుంది, ఇప్పుడున్న క్రమంలోనే పెంచుతూ పొమ్మన్నారు. అలాగే చేశాను.

చివరికి అది గుట్ట పైవరసలో, రెండు రాళ్ళు ఆనుకున్నచోట పైకొచ్చింది. నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోని సందు. పాదం లోతుగా చీకట్లోకి దిగింది, పైన వెలుతురు సరిపడా, ప్రవాహం నేరుగా తగలకుండా రాయిని చుట్టి వస్తుంది. విచ్చుకుంటే పళ్ళెమంత అయింది. వారం తిరిగినా చోటు మారలేదు. లైటు పెంచినప్పుడు ఓ పూట కాస్త కుంచించుకుంది, మళ్ళీ మామూలైంది. అప్పుడు ప్రవాహం కూడా మెల్లగా పాత వేగానికి తెచ్చాను.

తిండి పెట్టడానికీ అప్పటిదాకా ఆగాను. కుదురుకోని అనిమోన్‌కి తిండి పెడితే అరిగించుకోలేక బయటికి కక్కేస్తుంది, దాంతో నీళ్ళు పాడవుతాయి. దానికి కావలసిన శక్తిలో ఎక్కువభాగం ఒంట్లోని నాచు వెలుతురుతో తయారుచేసి ఇస్తుంది కనక ఆకలితో పోతుందన్న భయం లేదు. మొదటిసారి బఠాణీగింజంత మైసిస్ రొయ్యల ముద్ద, పొడుగు పట్టకారుతో స్పర్శకాలకి తాకించాను. తాకీతాకగానే అంటుకుంది. చుట్టూ ఉన్న స్పర్శకాలన్నీ లోపలికి వంగాయి, నోరు మెల్లగా పైకి లేచి ఆ ముద్దని అందుకుంది. మా అబ్బాయి ఊపిరి బిగబట్టి చూశాడు. ఇప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు, అదే పరిమాణం. పెద్దముక్క పెడితే త్వరగా పెరుగుతుందనుకోవద్దు, మర్నాడు అలాగే బయటపడేస్తుంది.

చేపల్ని బుట్టలోంచి ఎప్పుడో వదిలేశాం. మావి ఒసెల్లారిస్ రకం. సముద్రంలో వీటి ఇల్లు మ్యాగ్నిఫికా, మరో రెండు కార్పెట్ జాతులే, బబుల్-టిప్ కాదు. బబుల్-టిప్‌నే నమ్ముకుని బతికేది మెరూన్ క్లౌన్ ఫిష్. ట్యాంకుల్లో ఒసెల్లారిస్ కూడా దీన్ని ఒప్పుకుంటాయని తెలుసుగానీ, ఎప్పుడు ఒప్పుకుంటాయో వాటి ఇష్టం. మావి చాలారోజులు అటు చూడనే లేదు. తర్వాత ఆడచేప ఓ స్పర్శకానికి తోక తగిలించి చటుక్కున వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. అలా తాకుతూ, తప్పుకుంటూ పొట్ట, ఆపైన ఒళ్ళంతా ఆనించింది. ఒంటిమీది జిగట వల్ల అనిమోన్ వాటిని కుట్టదు. మగది రెండ్రోజులు దూరం నుంచి చూసి దాని వెనకే వెళ్ళింది. ఇప్పుడు నేను వేసే మైసిస్‌లో పెద్ద ముక్కలు నోటకరచుకుపోయి అనిమోన్ మీద పడేస్తున్నాయి. వాటి వ్యర్థంలో అమ్మోనియా అనిమోన్ ఒంట్లో నాచుకి ఎరువవుతుంది. అంతదాకా చదివి తెలుసుకున్న సంగతి, మా హాల్లో జరుగుతుంటే చూడడం వేరు.

విశాఖలో మా పిన్ని కొడుకు ఫొటోలు చూసి ఉత్సాహపడ్డాడు. "అక్కా, మన బీచ్ రాళ్ళ మధ్య గుంటల్లో కూడా అనిమోన్‌లున్నాయి కదా, ఒకటి తెచ్చి పెట్టుకోనా?" అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. ఆటుపోట్లకీ, కొత్త నీళ్ళకీ అలవాటుపడిన ప్రాణి అది, గాజుపెట్టెలో నిలవదు. పగడాల సంగతైతే, రాళ్ళు కట్టే పగడాలన్నీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటిని తియ్యడం నేరం. పోటు తగ్గినప్పుడు వెళ్ళి, వాటిని కదపకుండా చూసి, ఫొటోలు పంపమన్నాను. పంపుతున్నాడు, చాలా బాగుంటున్నాయి.

ఇక్కడ 2021 ఫిబ్రవరి మంచులో టెక్సాస్‌లో లక్షలాది ఇళ్ళకి కరెంటు పోయినప్పుడు ఎందరో ట్యాంకులు పోగొట్టుకున్నారని క్లబ్బులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి, ఒక పవర్‌హెడ్‌కి బ్యాటరీ బ్యాకప్ ఒకటి కొనిపెట్టాను. స్పాంజి తొడుగులు వారానికోసారి తీసి కడుగుతాను, మురికి పట్టి మూసుకుపోతే పంపు వేడెక్కుతుంది. కుదురుకున్నాక తొడుగులు తీసెయ్యొచ్చంటారు కొందరు. నేను తియ్యను, ఎందుకంటే చీలినప్పుడు రెండో సగం మళ్ళీ చోటు వెతుక్కుంటూ నడక మొదలుపెడుతుంది.

మాది చీలితే ఒకటి ఇమ్మని పక్కవీధిలో ఉండే తెలుగువాళ్ళు ఇప్పటికే అడిగారు. వాళ్ళ ట్యాంకు ఇంకా కొత్తది. అది చీలేలోపు వాళ్ళ నీళ్ళు నిలకడకి రావాలని, ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఇద్దరం కలిసి క్షారత, నైట్రేటు, లవణీయత పరీక్షించి రాసుకుంటున్నాం.